ఏమీ జరగలేదన్నాను

హ్యూరాన్ సరస్సు మీద,
మే 19, 1984

ప్రియమైన హిల్మా పిన్నికి,

మీ కంపెనీలో అంతమందిని బతిమాలి ఈ ఉద్యోగం ఇప్పిస్తే, ఇది ఓడ ఎక్కగానే నన్ను మరిచిపోయింది అనుకుంటున్నావేమో. మరిచిపోలేదు. తెల్లవారకముందే లేచి రొట్టెలు కాల్చాలి, తర్వాత పళ్ళు పెట్టి కాల్చే పైలు, తర్వాత రాత్రి భోజనాలు. పక్క మీద వాలితే ఒళ్ళు తెలియడం లేదు. ఖనిజం దింపేసి ఖాళీగా పైకి వస్తున్నాం. గాలికి ఓడ ఊగుతోంది. అక్షరాలు వంకరపోతే నా తప్పు కాదు.

వంటగదిలో ముగ్గురం. పెద్ద వంటాయన నార్బర్ట్ హాస్కీ. ఆయన చేతి కింద రెండో వంటమనిషిని నేను. గిన్నెలు కడిగి, ఆఫీసర్ల గదులు ఊడ్చి, పక్కలు మార్చడానికి కొత్తగా వెర్నా టెసియర్ అనే ఆవిడ వచ్చింది. మీకు వంతెన అవతల సుపీరియర్ ఊళ్ళోనే ఇల్లట. భర్త పోయాడు. నలభై ఐదు దాటి ఉంటాయి. భారీ మనిషి, నవ్విందంటే కొక్కేలకున్న కప్పులు గలగలలాడతాయి. ఓడ మొత్తం మీద ఆడవాళ్ళం మేమిద్దరమే.

నార్బర్ట్ సరదా మనిషి. నేను రబర్బ్ కాడలతో కాల్చిన తీపి పై తిని "ఇంజన్ గదివాళ్ళు పళ్ళేలు కూడా నాకేశారు చిట్టీ, ఇక వాటిని కడగక్కర్లేదు" అన్నాడు. వెర్నా వచ్చిన రోజు ఆవిడ మెట్లు దిగుతుంటే భోజనాల బల్ల దగ్గర అందరూ వినేలా, "మన ఓడకి రెండే బాయిలర్లు అనుకున్నాను. మూడోది ఇప్పుడే ఎక్కింది!" అన్నాడు. బల్లంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఆవిడ కూడా నవ్వి, "దగ్గరికి రాకు నాయనా, కాలిపోతావ్" అంది.

నాకు ఏ ఇబ్బందీ లేదు. నువ్వు అల్లిన స్వెట్టరు పొయ్యి దగ్గర కూడా తీయడం లేదు. ఇంకొకటి ఉంటే పంపు. మెడ దాకా మూసుకునేదైతే బాగుంటుంది.

నీ
ఐలీ


డులూత్,
జూన్ 4

ఐలీ తల్లికి,

డిట్రాయిట్ దగ్గర ఉత్తరాల పడవవాడు దీన్ని బకెట్‌లో పెట్టి మీ ఓడ మీదికి పంపేసరికి ఎన్నాళ్ళవుతుందో. స్వెట్టరు కూడా కట్టి పంపుతున్నాను. అయినా పొయ్యి ముందు స్వెట్టరేమిటే? ఒంట్లో బాగుందా?

ఇక్కడ మామూలే. మొన్న క్లీవ్‌లండ్ నుంచి పెద్దవాళ్ళు వస్తే మా పై అధికారి లిండాల్ గారు "కాఫీ మా అమ్మాయి తెస్తుంది" అన్నారు. మా అమ్మాయి అంటే నేనే! నాకు మనవలున్నారు. నవ్వుకుంటూ తెచ్చి ఇచ్చాను. ఇన్నేళ్ళూ ఇలాగే నెట్టుకొచ్చాను. నెట్టుకొచ్చాను కనకే నీ మాట ఎత్తగలిగాను.

ఆయన నిన్ను తీసుకునేటప్పుడు ఏమన్నారో నీకు చెప్పలేదు. "ఆడవాళ్ళని ఓడలెక్కించడం నాకు ఇష్టమై చేస్తున్న పని కాదు హిల్మా. పైనుంచి ఒత్తిడి. మీ అక్క కూతురంటున్నావు కాబట్టి సరే. ఏడ్చుకుంటూ నా ముందుకు మాత్రం రాకూడదు" అన్నారు. "రాదండీ, పూచీ నాది" అన్నాను. కాబట్టి ముఖం మాడ్చుకోకు. మగవాళ్ళు నాలుగు మాటలంటారు. వినీ విననట్టు ఉండు. మీ అమ్మ ఉంటే ఆవిడా ఇదే చెప్పేది.

ఆ వెర్నాతో మరీ పూసుకుని తిరగకు. తగువులమారిలా ఉంది.

నీ పిన్ని
హిల్మా


సూ లాకుల దగ్గర,
జూలై 11

పిన్నీ,

స్వెట్టరు అందింది.

పెద్ద విశేషాలేమీ లేవు. ఇవాళ ఓడ లాకులో ఆగినప్పుడు వెర్నాని దింపేశారు. ఎవరి మీదో ఏదో అబద్ధం చెప్పిందట. నాకు అంతగా తెలియదు. సంచీ భుజాన వేసుకుని గోడ మీద నిలబడింది. నీళ్ళు నిండి ఓడ పైకి లేస్తుంటే ఆమె మాకు సమానంగా వచ్చింది, తర్వాత కిందికి వెళ్ళిపోయింది. నేను వంటగది కిటికీలోంచి చూశాను.

ఇప్పుడు గిన్నెలు కూడా నేనే కడుగుతున్నాను. కొత్త మనిషి వచ్చేదాకా.

మీ ఆఫీసుకి ఏమైనా కాగితాలు వస్తే నన్ను అడగకు.

ఐలీ


డులూత్,
జూలై 20

ఐలీకి,

అడగవద్దన్నావు. నేను అడగకపోయినా కాగితం నా బల్ల మీదికే వస్తుంది కదా తల్లీ. కెప్టెన్ ఓస్బీ గారి నివేదికకు శుభ్రమైన ప్రతి కొట్టింది నేనే. "పెద్ద వంటాయన రెండో వంటమనిషితో అసభ్యంగా ప్రవర్తించాడని టెసియర్ ఆరోపించింది. సదరు వంటమనిషి అటువంటిదేమీ జరగలేదని చెప్పినందున టెసియర్‌ను తొలగించడమైనది." రెండో వంటమనిషి అంటే ఎవరో నాకు ఒకరు చెప్పాలా?

లిండాల్ గారు చదివి, "మీ అక్క కూతురు బుద్ధిమంతురాలు హిల్మా. నిలబడింది" అన్నారు. అంతమందిలో ఆ మాట వింటే నాకు గర్వంగానే అనిపించింది.

ఆ వెర్నా ఆఫీసుకి వచ్చింది. ఓడల్లో పని చేసుకోవడానికుండే తన కార్డు తనకిమ్మని అడిగింది. నేను మర్యాదగానే మాట్లాడి పంపేశాను. వెళ్తూ వెళ్తూ నువ్వు బాగున్నావా అని అడిగింది.

ఈ ఉత్తరం ఇక్కడితో ఆపేద్దామనే అనుకున్నాను. రెండుసార్లు కవరు అంటించబోయి మానేశాను. వెర్నా చెప్పింది అబద్ధమే కదా, ఐలీ?

పిన్ని


ఈరీ సరస్సు మీద,
ఆగస్టు 2

పిన్నీ,

అబద్ధం నాదే.

రాయకుండా ఉండగలిగితే రాసేదాన్ని కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రెండు రోజులుగా కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను.

ఓడ ఎక్కిన మొదటి వారం నుంచే ఉంది. ఇరుకు వంటగది, పక్కనుంచి వెళ్తూ ఒరుసుకుంటాడు. మొదట్లో పొరపాటనుకున్నాను. తర్వాత పొరపాటు కాదని తెలిసినా పొరపాటనే అనుకోవాలనిపించింది. అందుకే స్వెట్టరు. వెర్నా వచ్చాక కొన్నాళ్ళు వాడి చూపు ఆమె మీదికి మళ్ళింది. ఎగతాళికే. బాయిలర్ అనీ, ఆమె కూర్చుంటే ఓడ ఒక పక్కకి ఒరుగుతోందనీ. నేను ప్రతిసారీ నవ్వాను. మొదటి రోజే కాదు పిన్నీ, ప్రతిసారీ. ఆమెని చూసి నవ్వుతున్నంతసేపూ వాడు నా జోలికి రాడని.

ఆ రోజు పిండి కోసం సామాన్ల గదిలోకి వెళ్ళాను. వెనకే వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. స్వెట్టరు కింద చెయ్యి పెట్టాడు. నేను అరవలేదు. పిండి డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. డబ్బా మీదున్న అక్షరాలు చదువుతూ నిలబడ్డాను. అంతలో వెర్నా బంగాళాదుంపల బుట్టతో తలుపు నెట్టుకుని వచ్చింది.

"చెయ్యి తియ్యి" అంది.

"పిండి పడితే దులుపుతున్నానమ్మా, నీకేం నొప్పి?" అన్నాడు.

"ఆ పిల్ల ముఖం చూడరా గాడిదా!" అని వాడి చొక్కా పట్టుకుని బయటికి ఈడ్చింది. అదే ఊపున కెప్టెన్ దగ్గరికి వెళ్ళింది.

కెప్టెన్ నన్ను పిలిపించాడు. మంచివాడే. కానీ గదిలో కెప్టెన్ కింది అధికారి ఉన్నాడు, నార్బర్ట్ ఉన్నాడు, వెర్నా ఉంది. అంతమంది ముందు, "చెప్పమ్మా, హాస్కీ నీ మీద చెయ్యి వేశాడా?" అని అడిగాడు. నార్బర్ట్ నా వంక సొంత మేనమామలాగా చూసి నవ్వాడు. అవునంటే తర్వాత ఎక్కడ వేశాడని అడుగుతారు. ఆ మాట నా నోటితో ఆ గదిలో చెప్పాలి. రేపు వీళ్ళందరికీ అన్నం వడ్డించాలి. నువ్వు పడ్డ పూచీ కూడా గుర్తొచ్చింది. అది సాకని నాకు తెలుసు, అయినా గుర్తొచ్చింది.

"ఏమీ జరగలేదండీ" అన్నాను. అంతటితో ఆగానా? "పిండి పడితే దులిపారు" అని కూడా అన్నాను. వాడి అబద్ధాన్ని తీసుకుని నా అబద్ధం చేసుకున్నాను.

వెర్నా కోప్పడుతుందనుకున్నాను. నన్నే చూసి, "సరే" అంది. అంతే. సామాను సర్దుకున్నాక నా గది తలుపు తట్టింది. నేను తీయలేదు. ఊపిరి బిగబట్టి లోపలే కూర్చున్నాను. తలుపు అవతల నుంచి, "గడియ గట్టిగా వేసుకుని పడుకో" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఇప్పుడు వాడికి నేనే రాసిచ్చినట్టయింది. ఏమీ జరగలేదని కెప్టెన్ ముందు చెప్పిన మనిషికి ఇక ఏం జరిగినా జరగనట్టే కదా. బల్ల దగ్గర అందరూ నన్ను నమ్మకమైన పిల్ల అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నా చేతులు నాకే అసహ్యంగా ఉంటున్నాయి.

నన్ను తిట్టు పిన్నీ. కానీ జవాబు రాయకుండా ఉండకు.

ఐలీ


డులూత్,
ఆగస్టు 17

నా తల్లికి,

తిడదామనే కూర్చున్నాను. నాకు ఆ అర్హత ఉంటే కదా.

వెర్నాని మర్యాదగా మాట్లాడి పంపేశానని రాశాను. అదీ అబద్ధమే. ఇద్దరు గుమాస్తాలు వింటుండగా ఆవిడని నేను ఏమన్నానో తెలుసా? "అద్దంలో చూసుకున్నారా ఎప్పుడైనా? మిమ్మల్ని ఎవరూ చూడటం లేదని ఆ చిన్నపిల్ల మీద కథలల్లారా?" అన్నాను. గుమాస్తాలు నవ్వారు. వాళ్ళు నవ్వుతుంటే నాకు హుషారొచ్చింది. ఆవిడ కౌంటరు మీద చేతులు ఆనించి అలాగే నిలబడి, "ఆ పిల్ల మీకేమవుతుంది?" అని అడిగింది. నా అక్క కూతురన్నాను. "అయితే ఒక ఉత్తరం రాయండమ్మా. బాగుందో లేదో కనుక్కోండి" అని వెళ్ళిపోయింది. అందుకే నీకు ఆ చివరి మాట రాశాను. నా అంతట నాకు తోచి కాదు.

ఇంకొకటి. నీ ఉత్తరాన్ని నిన్ను అడగకుండా లిండాల్ గారికి చూపించాను. తప్పే. చూపిస్తే ఏదో చేస్తారని ఆశ. నిలబడే చదివి, "నీ పూచీ ఏమైంది హిల్మా?" అన్నారు. తర్వాత, "అప్పుడొక మాట, ఇప్పుడొక మాట. హాస్కీకి పెళ్ళాం పిల్లలున్నారు. చింపేసి కాఫీ తీసుకురా" అన్నారు.

ఉత్తరం చేతిసంచీలో పెట్టుకుని, కాఫీ తేకుండానే ఇంటికి వచ్చేశాను. ధైర్యమనుకోకు.

ఆదివారం వంతెన దాటి సుపీరియర్ వెళ్ళాను. వెర్నా ఒక లాండ్రీలో పనికి కుదిరిందట. ఇంటి మెట్ల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. లేవలేదు, నన్ను కూర్చోమనలేదు. నేను నిలబడే క్షమాపణ అడిగాను. గడప దగ్గర బిచ్చగత్తెలా అనిపించింది నాకు.

"అద్దం మాట గురించా?" అంది. "అది నాకు కొత్త కాదులెండి. చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఆ పిల్ల ఇంకా వాడి కిందే పని చేస్తోందా?"

చేస్తోందన్నాను.

"అయితే ఇక్కడేం చేస్తున్నారు మీరు? నాకు సారీ చెప్తే దానికి తలుపు గడియ పడుతుందా?"

యూనియన్‌కి తను అప్పుడే అర్జీ పెట్టుకుందట. సెప్టెంబరులో క్లీవ్‌లండ్‌లో విచారణ. సాక్షి లేకపోతే కొట్టేస్తారు. నిన్ను రమ్మని అడగనంది. "ఒకసారి అడిగారు, చెప్పలేకపోయింది. రెండోసారి నేను అడిగి దాన్ని చంపలేను" అంది.

నేనూ నిన్ను వెళ్ళమని చెప్పను. నోరు మూసుకోమని నేర్పిన మనిషిని, ఏ ముఖంతో నోరు విప్పమంటాను? తేదీ మాత్రం వేరే చీటీ మీద రాసి పెడుతున్నాను.

నీ పిన్ని


క్లీవ్‌లండ్,
సెప్టెంబరు 25

పిన్నీ,

వెళ్ళాను.

ఓడ ఇక్కడ ఖనిజం దింపుతుండగా దిగిపోయాను. దిగితే నా కోసం ఓడ ఆగదన్నాడు కెప్టెన్. ఆపకండి అన్నాను. అంత తేలిగ్గా అన్నాననుకోకు, నిచ్చెన సగంలో ఒకసారి తిరిగి ఎక్కబోయాను.

యూనియన్ హాలులో పొడుగాటి బల్ల, వెనక ముగ్గురు పెద్దమనుషులు. నార్బర్ట్ టై కట్టుకుని వచ్చాడు. పక్కన భార్య. సన్నగా, శుభ్రంగా ఉంది. ఒళ్ళో ఊలు పెట్టుకుని అల్లుకుంటోంది. నేను జరిగింది చెబుతున్నంతసేపూ ఆమె సూదులు ఆగలేదు. "స్వెట్టరు కింద" అన్నప్పుడు మాత్రం ఆగాయి. వాడిని చూసి సిగ్గుపడలేదు గానీ, ఆమెని చూసి నేల చీలితే బాగుండుననిపించింది.

మధ్యలో కూర్చున్నాయన అడిగాడు: "కెప్టెన్ ముందు లేదన్నావు. ఇక్కడ ఉందంటున్నావు. ఏది అబద్ధం?"

"అప్పటిదండీ."

"ఎందుకు చెప్పావు?"

"సిగ్గేసింది."

"తప్పు చేయనిదానివి, నీకు సిగ్గెందుకమ్మా?"

పిన్నీ, ఆ ప్రశ్నే నాకు నేను వేసవంతా వేసుకున్నాను. తల వంచుకుని నిలబడ్డాను. అప్పుడు వెనక కుర్చీలోంచి వెర్నా గొంతు వినపడింది: "ఇంటికెళ్ళి మీ కూతుర్ని అడగండయ్యా. ఆమె చెబుతుంది."

మధ్యలో మాట్లాడకూడదని ఆమెని కసిరారు. ఆమె మళ్ళీ మాట్లాడలేదు. నా కోసం నోరు తెరవడం అది రెండోసారి.

తీర్పు సాయంత్రానికే చెప్పారు. వెర్నా తొలగింపు రద్దు. కార్డు తిరిగి ఇచ్చేశారు, వేరే ఓడలో పని. నార్బర్ట్‌కి ఒక హెచ్చరిక కాగితం, వచ్చే ఏడాది వేరే ఓడకి మార్పు. అంతే. వాడు అందరితో చేతులు కలిపి, భార్యకి కోటు తొడిగి తీసుకువెళ్ళాడు.

మెట్ల దగ్గర వెర్నా కోసం నిలబడ్డాను. ఏం చెప్పాలో ముందే కూడబలుక్కున్నాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. "ఇవాళ వద్దు. నీ మీద జాలీ ఉంది, కోపమూ ఉంది. రెండూ మోసుకుని బస్సెక్కాలి నేను. వాటిపైన నీ మాటలు కూడా మోయలేను" అంది. రెండడుగులు వేసి, "అన్నం తిన్నావా?" అంది. తిన్నానన్నాను. తినలేదు. మళ్ళీ అబద్ధమే చూడు. బస్సు వెళ్ళేదాకా అక్కడే ఉన్నాను. కిటికీలోంచి ఇటు చూడలేదు.

ఇక్కడ ఒక ఆసుపత్రి వంటశాలలో పని దొరికింది. చలికాలం ఇక్కడే ఉంటాను. డులూత్ రావాలంటే ఇంకా ముఖం చెల్లడం లేదు.

నీ
ఐలీ


డులూత్,
మార్చి 8, 1985

ఐలీ తల్లికి,

రేవులో మంచు పగలగొట్టడం మొదలుపెట్టారు. నీ గది అలాగే ఉంది. ముఖం చెల్లకపోవడమేమిటే, ఇక్కడ నీ ముఖం చూడాలని ఒక ముసలిది కాచుకుని ఉంది.

నన్ను లిండాల్ గారి గది ముందు నుంచి వెనక గదికి మార్చారు. ఇప్పుడు ఓడల సిబ్బంది పేర్లు టైపు చేయడమే నా పని. కాఫీ ఇంకెవరో తెస్తున్నారు, పాపం, ఒక పాతికేళ్ళ పిల్ల. నిన్న ఆమెని "మా అమ్మాయి" అనడం గోడ అవతల నుంచి విన్నాను. పిల్ల నవ్వింది. నా నవ్వులాగే ఉంది. మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని భోంచేశాను. ఏం చెప్పాలో తెలియక నా రొట్టెలో సగం పెట్టాను. రేపు చెబుతాను.

ఇవాళ ఒక జాబితా కొట్టాను. పెద్ద వంటవాడు: నార్బర్ట్ హాస్కీ. దాని కింద, రెండో వంటమనిషి: జూన్ ఆవెరిల్, ఆష్లండ్ ఊరు. కొత్త మనిషి. ఆ ఓడలో ఇంకో ఆడది లేదు. వేళ్ళు మీటల మీదే ఉండిపోయాయి. లిండాల్ గారి దగ్గరికి వెళ్ళి, "ఇది మార్చండి" అన్నాను. "నీకు పింఛను ఇంకెంతో దూరం లేదు హిల్మా" అన్నారు.

ఆ పిల్ల చిరునామా ఇంకో కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. బయటివాళ్ళకి ఇవ్వకూడదు. ఇచ్చింది నువ్వేనా అని ఎవరైనా అడిగితే అవునంటాను.

నీ పిన్ని
హిల్మా


క్లీవ్‌లండ్,
మార్చి 15, 1985

జూన్ ఆవెరిల్ గారికి,

మీకు నేనెవరో తెలియదు. పోయిన ఏడాది నార్బర్ట్ హాస్కీ కింద రెండో వంటమనిషిగా పనిచేశాను. ఈ ఏడాది ఆ పని మీది.

ఆయన సరదాగా మాట్లాడతాడు. మీ వంట మెచ్చుకుంటాడు. తర్వాత ఒరుసుకుంటాడు, తర్వాత తలుపు వేస్తాడు. నాకు అలా జరిగింది. వెర్నా టెసియర్ అనే ఆవిడ చూసి అడ్డుపడింది. కెప్టెన్ పిలిచి అడిగితే నేను ఏమీ జరగలేదన్నాను. నా మాట మీద ఆమెని ఓడ దింపేశారు. క్లీవ్‌లండ్ హాలులో నిజం చెప్పాను గానీ, ఆమె నాతో ఇప్పటికీ మాట్లాడదు. మాట్లాడమని అడిగే హక్కు నాకు లేదు.

మిమ్మల్ని భయపెట్టాలని కాదు. మీరు ఓడ ఎక్కవద్దని కూడా కాదు, ఆ పని మీది. ఒకటే చెప్పాలని. మిమ్మల్ని ఎవరైనా అడిగితే మీ నోటికి ముందుగా "ఏమీ లేదు" అనే మాట వస్తుంది. నాకూ అదే వచ్చింది. అది వచ్చినా మీరు చెడ్డవారు కారు. కాసేపు ఆగి, రెండో మాట చెప్పండి. మీ మాట ఒక్కటే చాలదంటే నా పేరు చెప్పండి. ఎక్కడికి పిలిచినా వస్తాను, ఎవరి ముందైనా చెబుతాను.

ముక్కూ ముఖం తెలియని మీకు ఇదంతా రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతున్నాయి. అయినా పూర్తి పేరు పెడుతున్నాను, చిరునామా వెనక ఉంది.

ఐలీ మరియా నీమి